చెవులు తెరిచే ఉన్నాయి... మరి నాన్న పిలిస్తే వినబడుతుందా?

పాటలు వినిపించే కళ్లజోడు గురించి యూట్యూబ్‌లో రివ్యూలు చూశారా? ఏసీ గది, తెల్లటి టేబుల్, వెనకాల నీలం లైటు. పెట్టె తెరుస్తారు, పెట్టుకుంటారు, "సౌండ్ అదిరింది గురూ" అంటారు, కింద డిస్కౌంట్ లింక్ ఇస్తారు. ఇయర్‌ఫోన్లకైతే అది సరిపోతుందేమో. కళ్లజోడు మాత్రం పది నిమిషాలు పెట్టుకుని తీసేసే వస్తువు కాదు కదా! పొద్దున మొహం కడుక్కున్న దగ్గర్నుంచి రాత్రి దిండు పక్కన పెట్టేదాకా ముక్కు మీదే ఉంటుంది. ఉక్కపోతలో, హెల్మెట్ కింద, మిక్సీ మోతలో, కోళ్ల అరుపుల మధ్య అది ఎలా పనిచేస్తుందో ఎవరూ చెప్పట్లేదు.

నేను చెప్తాను. మాది అనకాపల్లి జిల్లా బుచ్చయ్యపేట. హైదరాబాద్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పని మాత్రం ఇంటి నుంచే. పదో తరగతి నుంచి కళ్లద్దాలు వాడుతున్నాను. మూడు వారాలుగా వాటి బదులు ఆడియో గ్లాసెస్ పెట్టుకుని తిరుగుతున్నాను. కంపెనీ పేరు రాయట్లేదు. ఎందుకంటే నేను చెప్పబోయేవాటిలో చాలా మటుకు ఆ ఒక్క కంపెనీ సంగతులు కావు, ఈ రకం వస్తువు స్వభావమే అంత.

ఎందుకు కొన్నానో ముందే చెప్పేస్తాను. కిందటేడు మా నాన్నకి పక్షవాతం వచ్చింది. ఇప్పుడు చాలా నయం. కర్ర పట్టుకుని నడుస్తున్నారు. కానీ మంచం మీంచి లేచేటప్పుడు ఒక చెయ్యి అందించాలి. నేను హైదరాబాద్‌లో ఉండగా ఒకసారి తనే లేవబోయి పడిపోయారు. అందుకే ఊరికి వచ్చేశాను. ఇంకో సంగతేంటంటే, ఒకప్పుడు చెరువు గట్టు మీంచి కేకేస్తే చెరుకు తోట అవతలికి వినిపించే ఆ గొంతు బాగా తగ్గిపోయింది. మెత్తగా, కొంచెం ముద్దగా వస్తుంది మాట.

పొద్దున పది నుంచి పన్నెండు దాకా అమ్మ పొలంలో ఉంటుంది. సరిగ్గా అదే టైమ్‌లో నాకు మీటింగులు. ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే పక్క గదిలోంచి నాన్న పిలిచినా వినబడదు. ఒక చెవికే పెట్టుకుంటే మీటింగ్ సగం సగం. లాప్‌టాప్ స్పీకర్ పెడితే మా మేనేజర్ మాటలు వీధి అరుగు దాకా! అందుకని చెవిలో ఏమీ దూర్చకుండా మాట్లాడగలిగే సాధనం కోసం వెతికాను.

బంగారం కాటా మీద కళ్లజోడు

ఇవి మరీ కొత్తవేం కావు. బోస్ కంపెనీ 2019లోనే 'ఫ్రేమ్స్' పేరుతో పాటలు వినిపించే చలవద్దాలు అమ్మింది. మన దేశంలో 2022 మొదట్లో టైటాన్ 'ఐఎక్స్' 9,999 రూపాయలకి, నాయిస్ 'ఐ1' 5,999 రూపాయలకి వచ్చాయి. 2024 చివర్లో లెన్స్‌కార్ట్ 'ఫోనిక్' 4,000 రూపాయల ధరతో వచ్చింది. 2025 మే నెలలో ఇండియాకి వచ్చిన రే-బాన్ మెటా వేరే రకం. దానికి కెమెరా కూడా ఉంటుంది, వచ్చినప్పుడు ధర 29,900 నుంచి మొదలైంది. నేను కావాలనే కెమెరా లేనిదే తీసుకున్నాను. డబ్బు ఒక్కటే కారణం కాదు. కుళాయి దగ్గర నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉంటే, కళ్లజోడులో కెమెరా పెట్టుకుని ఆ దారిలో నడిచే ధైర్యం నాకైతే లేదు. లైటు వెలిగితేనే రికార్డు అవుతున్నట్టు అని వాళ్లకి ఎవరు చెప్తారు?

మొదటి పరీక్ష బరువు. చోడవరంలో తెలిసిన బంగారం కొట్టు ఉంది. కాటా మీద పెడితే నా పాత కళ్లజోడు 22 గ్రాములు, కొత్తది 43. "ఇందులో బంగారమేమైనా ఉందా బాబూ?" అని షావుకారు నవ్వాడు. 21 గ్రాములే కదా తేడా అనిపిస్తుంది. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయాక చూడండి. చెమటకి ముక్కు మీంచి జారుతుంది, పైకి తోస్తాం, మళ్లీ జారుతుంది. పైకి తోసేటప్పుడు వేలు కాడకి తగిలితే పాట ఆగిపోతుంది, లేకపోతే ఎవరికో ఫోన్ వెళ్తుంది. ఎందుకంటే ఆ కాడ మీదే టచ్ బటన్ ఉంటుంది. నేను యాప్‌లోకి వెళ్లి ఒక్క తట్టుకి ఏమీ జరగకుండా మార్చుకున్నాను. మీరు కొంటే మొదట చెయ్యాల్సిన పని అదే.

మామూలు కళ్లజోడు జారితే అద్దాల షాపులో కాడ చివర కాస్త వేడి చేసి చెవి వెనక్కి వంచిస్తారు. దీన్ని అలా వంచడానికి లేదు. కాడలో బ్యాటరీ, స్పీకరు, బ్లూటూత్ చిప్ అన్నీ ఉంటాయి. పవర్ అద్దాలు వెయ్యడానికి కూడా మొదటి షాపాయన ఒప్పుకోలేదు. "ఫ్రేమ్ వేడి చేస్తే లోపల ఏం కాలిపోతుందో, ఆనక నన్నంటావు" అన్నాడు. నిజమే కదా, ఆయన భయం ఆయనది. రెండో షాపులో వేడి చెయ్యకుండా అద్దం అంచులు జాగ్రత్తగా అరగదీసి బిగించారు. నాది మైనస్ మూడున్నర. లెన్స్‌కి ఇంకో 1,800 అయింది. ఈ ఖర్చు ఏ రివ్యూలోనూ ఉండదు, ఎందుకంటే రివ్యూ చేసేవాళ్లలో చాలామందికి సైట్ లేదు!

వినిపిస్తుంది గానీ...

శబ్దం సంగతికొద్దాం. కాడ కింద, చెవి రంధ్రానికి కాస్త ముందు, చిన్న స్పీకర్ ఉంటుంది. అది చెవిని మూయదు, దూరం నుంచే గాలిలోకి శబ్దం వదులుతుంది. మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. పాడ్‌కాస్ట్, ఫోన్ కాల్, వార్తలు, పాత పాటలు బాగున్నాయి. డప్పు, డోలు, డీజే బీట్ మాత్రం మర్చిపోండి. బేస్ రాదు. కారణం తేలికే. లోతైన శబ్దం పుట్టించాలంటే చాలా గాలిని కదపాలి. ఇయర్‌బడ్ చెవిని మూసేస్తుంది కాబట్టి లోపలున్న చిటికెడు గాలిని కదిపితే చాలు. ఇక్కడ మూత లేదు, స్పీకరేమో పెసరగింజంత.

"మరి పక్కవాళ్లకి వినబడదా?" అందరూ అడిగే ప్రశ్న ఇది. స్పీకర్ పొర ముందుకు కదిలితే ముందువైపు గాలి ఒత్తిడి పెరుగుతుంది, వెనకవైపు తగ్గుతుంది. అంటే వెనక నుంచి వచ్చే అల ముందు అలకి సరిగ్గా వ్యతిరేకం. మంచి గ్లాసెస్‌లో ఆ వెనక అలని ఇంకో రంధ్రం ద్వారా బయటికి వదులుతారు. చెవికి దగ్గరగా ఉన్న రంధ్రం శబ్దం చెవికి చేరుతుంది. మీటరు దూరం వెళ్లేసరికి రెండు అలలూ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పగలు ఫ్యాన్ తిరుగుతుంటే పక్కన కూర్చున్న అమ్మకి ఏమీ వినబడలేదు. రాత్రి పదింటికి ఊరు సద్దుమణిగాక మాత్రం, "ఎవరో దోమ గొంతుతో పాడతన్నారు" అంది. ఆఫీసు రహస్యాలు, ప్రేమ కబుర్లు రాత్రి పూట వీటిలో వద్దు.

చెవి తెరిచి ఉంది కాబట్టి చెవికి మంచిదే అనుకోవడం కూడా పూర్తిగా సరికాదు. బయటి మోత లోపలికొస్తుంది కాబట్టి వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90 అయితే 4 గంటలే. పక్కింట్లో పిండి మర ఆడుతున్నప్పుడు నేను వాల్యూమ్ పెంచడం మానేసి, పాటే ఆపేస్తున్నాను.

కాల్స్‌లో నా గొంతు అవతలివాళ్లకి ఎలా వినిపిస్తోందన్నది ఇంకో కథ. మైకు నోటి దగ్గర ఉండదు, కణత దగ్గర ఉంటుంది. నా మాటతో పాటు ఫ్యాను, పిచ్చుకలు, గేదె అన్నీ టీమ్‌కి వినిపించాయి. "మీ ఆఫీసు బావుంది బ్రో" అన్నాడు పుణె కుర్రాడు. పైగా కాల్ మొదలవగానే శబ్దం నాణ్యత ఒక్కసారి పడిపోతుంది. అది మీ గ్లాసెస్ పాడైపోయి కాదు. పాటలకి బ్లూటూత్ ఒక దారి వాడుతుంది, మైకు కూడా కావాలంటే వేరే దారిలోకి మారుతుంది. ఆ రెండో దారి ఇరుకు. మాటలకి సరిపోతుంది, సంగీతానికి చాలదు.

బ్యాటరీ పెట్టె మీద ఏడు గంటలు అని ఉంది. కాల్స్‌తో నాకు నాలుగున్నర, ఐదు వచ్చింది. ఇక్కడ ఒక తమాషా. ఇయర్‌బడ్స్ ఛార్జింగ్‌కి పెడితే పాటలు ఉండవు, అంతే. వీటిని ఛార్జింగ్‌కి పెడితే నాకు ఇల్లే కనిపించదు. అందుకని పాత కళ్లజోడు ఎప్పుడూ దగ్గరుండాల్సిందే. ఇంకో మాట, ఈ బ్యాటరీ మార్చడానికి రాదు. రెండు మూడేళ్లకి దాని పని అయిపోయాక మీకు మిగిలేది లావు కాడల కళ్లజోడు.

చెంచా, స్టీలు గ్లాసు

ఇక అసలు పరీక్ష. నాన్న పిలిస్తే నాకు వినబడుతుందా లేదా?

దీనికోసం అమ్మ ఒక వారం పొలం పని మా చిన్నాన్నకి అప్పజెప్పి ఇంట్లో ఉంది. నాన్న మంచం పక్క గదిలో, తలుపు తీసే ఉంటుంది. అమ్మ నోట్‌బుక్ పట్టుకుని ఆయన పక్కన కూర్చునేది. తను సైగ చేసినప్పుడు నాన్న ఒక్కసారి పిలవాలి. నేను పలికితే టిక్కు, లేకపోతే సున్నా. ఎప్పుడు పిలుస్తారో నాకు తెలియదు. ఒక్కో పరిస్థితిలో పది పిలుపులు. దీన్ని శాస్త్రీయ పరిశోధన అనను, ఇంటి లెక్క. నాన్నకి మాత్రం భలే హుషారొచ్చింది. "ఈడికి ఈసారి ఇనబడదు సూడు" అని ముందే అమ్మతో పందెం కట్టేవారట.

గ్లాసెస్ పెట్టుకుని, అందులో ఏమీ మోగనప్పుడు పదికి పది. చిన్నగా పాటలు వింటున్నప్పుడు తొమ్మిది. మీటింగ్‌లో వేరేవాళ్లు మాట్లాడుతుంటే ఆరు. నేనే మాట్లాడుతున్నప్పుడు మూడు.

మూడు! చెవిలో ఏమీ లేదు. చెవి పూర్తిగా తెరిచి ఉంది. ఆయన పిలిచిన శబ్దం నా చెవిలోకి వచ్చే ఉంటుంది. అయినా పది పిలుపుల్లో ఏడు నా వరకూ చేరలేదు.

ఇది కళ్లజోడు లోపం కాదు, మన బుర్ర పనిచేసే తీరు. 1953లో కోలిన్ చెరీ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. మనుషుల రెండు చెవులకీ రెండు వేర్వేరు మాటలు వినిపించి, ఒకదాన్ని మాత్రం వెంటవెంటనే పైకి చెప్పమన్నాడు. ఆ తర్వాత రెండో చెవిలో ఏం వినిపించిందని అడిగితే వాళ్లు దాదాపు ఏమీ చెప్పలేకపోయారు. మధ్యలో ఇంగ్లీషు కాస్తా జర్మన్‌గా మారినా చాలామంది పట్టించుకోలేదు. ఆ చెవికేమీ అడ్డం లేదు. ధ్యాస ఇంకోచోట ఉంది. 1959లో నెవిల్ మోరే అనే ఆయన దానికి ఇంకో ముక్క చేర్చాడు. వదిలేసిన చెవిలో ఎవరి పేరు వాళ్లకి వినిపిస్తే కొంతమంది పసిగట్టారు. అందరూ కాదు, కొందరే.

ఇది చదివాక నాన్నని పేరు పెట్టి పిలవమన్నాను. ఆయన ఎప్పుడూ "ఒరే నానా" అంటారు. పేరు పెట్టి పిలిచారంటే కోపం వచ్చినట్టే మా ఇంట్లో. కాస్త మొహమాటపడుతూనే పిలిచారు. నేను మాట్లాడుతున్నప్పుడు మూడు కాస్తా ఐదైంది. మంచిదే, కానీ మంచం దిగబోయే మనిషికి సగానికి సగం అంటే చాలదు.

అప్పుడు అమ్మ విసుగ్గా, "గళాసు మీద చెంచాతో కొట్టండి, ఆడే వస్తాడు" అంది. మంచం పక్కన మంచినీళ్ల స్టీలు గ్లాసు ఎప్పుడూ ఉంటుంది. కొట్టారు. నేను మాట్లాడుతున్నప్పుడే, పదికి పది!

ఆలోచిస్తే అర్థమైంది. మీటింగ్‌లో మగగొంతులు, నాన్నది మగగొంతు, నాదీ అంతే. అన్నీ ఒకే జాతి శబ్దాలు కాబట్టి ఒకదాని కింద ఒకటి దాక్కుంటాయి. స్టీలు మీద చెంచా చప్పుడు సన్నగా, పదునుగా, అకస్మాత్తుగా వస్తుంది. ఆ మీటింగ్ మొత్తంలో అలాంటి శబ్దం ఇంకోటి లేదు. ఇదే చెంచా పరీక్ష రెండు చెవుల్లోనూ ఇయర్‌బడ్స్ పెట్టుకుని చేస్తే నాలుగు. అంటే తెరిచిన చెవి వృథా కాదు. కానీ అది లోపలికి రానిచ్చిన శబ్దం మన ధ్యాసని కూడా లాగగలిగేదై ఉండాలి.

ఇంజినీర్ని కదా, వెంటనే చోడవరం వెళ్లి వైర్‌లెస్ కాలింగ్ బెల్ తెచ్చి, బటన్ మంచం కోడుకి కట్టాను. నాన్న ఒక్కరోజు కూడా నొక్కలేదు. "బెల్లు కొట్టి కొడుకుని పిలవడమేట్రా, ఆఫీసరునా నాను?" అన్నారు. ఆ బెల్లు ఇప్పుడు వీధి తలుపుకి ఉంది. మా ఇంట్లో నడుస్తున్న సిస్టం చెంచా, గ్లాసు, పైన ఆడియో గ్లాసెస్.

వినికిడి తగ్గినవాళ్ల కోసం చేసిన కళ్లజోళ్లు కూడా ఉన్నాయి. 1950ల్లోనే కాడల్లో వినికిడి యంత్రం అమర్చినవి విదేశాల్లో అమ్మారు. రే-బాన్ సొంతదారైన ఎసిలోర్‌లుక్సోటికా చేసిన 'న్యూయాన్స్ ఆడియో'కి 2025లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. వచ్చినప్పుడు అక్కడ ధర 1,100 డాలర్లు ఉండేది. అది ఎదురుగా ఉన్నవాళ్ల మాటని పెంచి వినిపిస్తుంది. నా దగ్గరున్నలాంటివి అలా పెంచవు. అమ్మమ్మకి వినబడట్లేదని ఇలాంటి ఐదువేల గ్లాసెస్ కొనిచ్చేద్దామనుకోకండి. చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

నువ్వు మాతో మాట్లాడతన్నావా?

ఊళ్లో వీటితో ఇంకో చిక్కు ఉంది. ఇయర్‌ఫోన్ ఉంటే చూసేవాళ్లకి తెలుస్తుంది, వీడు ఏదో వింటున్నాడని. కళ్లజోడు చూసి ఎవరికీ తెలియదు. అరుగు మీద కూర్చుని కాల్‌లో నవ్వితే ఎదురింటి పిన్ని తనని చూసి నవ్వాననుకుని కబుర్లు మొదలెట్టింది. నేను పలకకపోతే, "పట్నం వెళ్లొచ్చాక పొగరొచ్చింది" అన్న మాట సాయంత్రానికి అమ్మ చెవిన పడింది. నాన్నయితే మొదటి రెండు రోజులూ, "ఏట్రా నీలో నువ్వే మాటాడతన్నావు?" అని బెంగగా చూశారు. ఇప్పుడు కాల్‌లో ఉన్నప్పుడు మెడలో ఎర్ర తువ్వాలు వేసుకుంటున్నాను. ఎర్ర తువ్వాలుంటే మీటింగ్ అని వీధి మొత్తానికి తెలిసిపోయింది. నవ్వకండి, భలే పనిచేస్తోంది.

బండి మీద సంగతి రెండు ముక్కల్లో. లావు కాడలు హెల్మెట్‌లోకి సులువుగా దూరవు, దూరినా పావుగంటకి కణతలు నొక్కుకుపోతాయి. గాలి హోరులో మాట వినబడదు, వినబడాలంటే వాల్యూమ్ పెంచాలి. చేత్తో ఫోన్ పట్టుకుని బండి నడపడం 2019 చట్ట సవరణ తర్వాత ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందకే వస్తుంది. ఇది చేత్తో పట్టుకునేది కాదు కదా అని వాదించొచ్చు. కానీ పైన చెప్పిన మూడు, ఆరు లెక్క గుర్తుంది కదా? మాట్లాడుతుంటే పక్క గదిలో నాన్న పిలుపే అందనప్పుడు, బీఎన్ రోడ్డు మీద వెనక నుంచి వచ్చే లారీ హారన్ అందుతుందని నేను నమ్మను. చెరుకు ట్రాక్టర్ల సీజన్‌లో అసలే నమ్మను. బండెక్కే ముందు ఆఫ్ చేసేస్తున్నాను.

మరి ఉంచుకున్నానా, వెనక్కిచ్చానా? ఉంచుకున్నాను. రోజంతా పెట్టుకోవడానికి మాత్రం కాదు. పొద్దున పది నుంచి పన్నెండు దాకా, సాయంత్రం గట్టు మీద నడిచేటప్పుడు ఒక గంట. మిగతా టైమంతా నా 22 గ్రాముల పాతదే. సైట్ లేని కుర్రాళ్లు, పాటల కోసమే అయితే వీటి మీద డబ్బు పెట్టొద్దు. ఆ డబ్బుకి మంచి ఇయర్‌బడ్స్ వస్తాయి. ఇంట్లో చంటిపిల్లలో, పెద్దవాళ్లో ఉండి, రోజుకి రెండు మూడు గంటలు కాల్స్‌లో ఉండేవాళ్లయితే ఆలోచించండి.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. పవర్ లెన్స్ వేయించాక మామూలుగా వాపసు తీసుకోరు. కాబట్టి రిటర్న్ గడువు అయ్యేలోపు, దాంతోపాటు వచ్చిన జీరో పవర్ అద్దాలతోనే పరీక్షించండి. మసకగా కనిపించినా పర్లేదు. కుర్చీలో కూర్చుని నిజమైన కాల్‌లో నిజంగా మాట్లాడుతూ ఉండండి. ఇంట్లోవాళ్లని పక్క గదిలోంచి ఎప్పుడు పడితే అప్పుడు పిలవమనండి. లెక్క వాళ్లనే రాయమనండి, మీరు రాయొద్దు.